పార్శ్వపు నొప్పి - పని చేయు మెదడు పటములు

తలనొప్పి ఎరుగనివారు లోకమున అరుదు. కాని పార్శ్వపు నొప్పి అందరకును వచ్చు తలనొప్పి వంటిది కాదు. అది తరచుగ తలకు ఒకవైపున పుట్టి, నాడి కొట్టుకొన్నట్లు పోటు పెట్టుచు, కొన్ని గంటలు మొదలు మూడు దినముల వరకు బాధించును. కడుపులో త్రిప్పును. వెలుతురు, చప్పుడు సహింపరానివగును. 'మైగ్రేన్' అను పేరు 'సగము తల' అను అర్థము గల గ్రీకు పదమునుండి వచ్చినది. మన 'పార్శ్వపు నొప్పి'యు, ఆయుర్వేదమునందలి 'అర్ధావభేదకము'ను ఈ లక్షణమునే చెప్పుచున్నవి.

ఇట్టి రోగికి తల స్కానింగు తీసినచో చాలవరకు దోషమేమియు కనబడదు. అది చూచి "ఏమియు లేదట, బడి ఎగవేయుటకే ఈ వేషము" అని పెద్దలు తలచుట కద్దు. ఈ తలపు ఎంత పొరపాటో తెలియవలెనన్న, మెదడు పటములు రెండు విధములని మొదట గ్రహింపవలెను. ఒకటి నిర్మాణమును చూపును. రెండవది పనిని చూపును. ఆగియున్న పిండిమరను ఫొటో తీసినచో దాని చక్రములు సరిగనున్నవో లేవో తెలియును గాని, తిరుగునప్పుడు ఎక్కడ తడబడునో తెలియదు. మామూలు స్కానింగు మొదటి జాతిది. కంతి, రక్తస్రావము వంటివానిని అది పట్టి ఇచ్చును. పార్శ్వపు నొప్పిలో తప్పినది ముఖ్యముగ మెదడు ఆకారము కాదు, దాని నడక.

ఆ నడకను చూచుట ఎట్లు? మెదడులో ఏ భాగము పని చేయునో అచ్చటికి రక్తము అధికముగ ప్రవహించును. రక్తములోని హిమోగ్లోబిన్ ఆమ్లజనితో కూడియున్నప్పుడు ఒక అయస్కాంత గుణమును, దానిని విడిచినప్పుడు వేరొక గుణమును చూపును. బలమైన అయస్కాంతము నడుమ తలను ఉంచి ఈ భేదమును కనిపెట్టు పద్ధతియే ఎఫ్.ఎం.ఆర్.ఐ. పెట్ అను మరియొక పద్ధతిలో, త్వరగ నశించు రేడియోధార్మిక పదార్థమును కొద్దిగ రక్తములోనికి ఎక్కించి, దాని జాడను బయటినుండి పట్టుదురు.

ఈ రోగులలో సుమారు మూడవవంతు మందికి నొప్పికి ముందు కన్నుల యెదుట వెలుగు గీతలు కనబడును. అవి చూపు నడుమ చిన్న చుక్కగ పుట్టి, కోట బురుజుల వలె మెలికలు తిరిగిన అంచుతో, ఇరువది ముప్పది నిమిషములలో ప్రక్కకు విస్తరించి మాయమగును. దీనిని 'ఆరా' అందురు. అమెరికా మనోవిజ్ఞాని కార్ల్ లాష్లీ తనకు వచ్చిన ఆరానే ఎప్పటికప్పుడు కాగితముపై గీసికొని, మెదడు వెనుక భాగమునందలి దృష్టిక్షేత్రముపై ఏదో కలత నిమిషమునకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ప్రాకుచున్నదని 1941లో లెక్కగట్టెను. 1944లో బ్రెజిల్ దేశీయుడు అరిస్టిడెస్ లియావో కుందేళ్ల మెదడుపై విద్యుత్ చలనము అణగిపోవుట ఒక అలవలె, దాదాపు అంతే మెల్లగ, వ్యాపించుట చూచెను. ఈ రెండును ఒకటేనా? మనుష్యుని పుర్రె తెరచి చూడ వీలులేదు గనుక ప్రశ్న చాలకాలము నిలిచిపోయెను.

ఆ దినములలో ప్రబలముగనున్న అభిప్రాయము వేరు. రక్తనాళములు ముడుచుకొనుటచే ఆరాయు, పిమ్మట ఉబ్బుటచే నొప్పియు కలుగునని న్యూయార్కు వైద్యుడు హెరాల్డ్ వుల్ఫ్ మొదలగువారు చెప్పిరి. 1981లో కోపెన్‌హాగెన్‌లో ఒలేసెన్, ఆయన సహచరులు రేడియోధార్మిక జినాన్ సాయమున మెదడులోని రక్తప్రవాహమును కొలిచిరి. ఆరా వేళ ప్రవాహము తగ్గుట వెనుకభాగమున మొదలై ముందునకు మెల్లగ ప్రాకెను. కాలువ మూసికొనిపోయినచో దాని ఆయకట్టంతయు ఎండవలెను గదా! ఇచ్చట తగ్గుదల ఏ రక్తనాళపు ఆయకట్టు హద్దునకును లోబడలేదు. పైగా, నొప్పి మొదలగునప్పటికి రక్తప్రవాహము ఇంకను తక్కువగనే యున్నట్లు తరువాత తేలెను. కావున నాళములు ఉబ్బుటయే నొప్పికి మూలమను వాదము సడలెను.

2001లో బోస్టన్‌లో హజీఖానీ బృందము ఆరా నడచుచుండగనే ఎఫ్.ఎం.ఆర్.ఐ. పటములు తీసెను. వ్యాయామము చేసినచో తనకు ఆరా వచ్చునని ఎరిగిన రోగి ఒకరు ఇందుకు తోడ్పడిరి. కలత ప్రాకిన వేగము నిమిషమునకు సుమారు 3.5 మిల్లీమీటర్లు. అరువదేండ్ల క్రిందట కాగితముపై వేసిన లెక్కకు యంత్రము సాక్ష్యమిచ్చినట్లయ్యెను.

ఆరా లేనివారి మాట ఏమి? 1995లో జర్మనీలో నొప్పి వేళ తీసిన పెట్ పటములలో మెదడుకాండమున చురుకుదనము కనబడెను. మందుచే నొప్పి తగ్గిన పిమ్మటను అది నిలిచియుండెను. 2016లో హాంబర్గ్ పరిశోధకులు ఒక రోగికి నెలరోజులు ప్రతిదినము పటములు తీసిరి. నొప్పికి ముందటి దినముననే, ఆకలిని, నిద్రను నడపు హైపోథాలమస్‌లో మార్పు కానవచ్చెను. నొప్పి రాకముందే కొందరికి ఆవులింతలు, తీపిపై కోరిక ఏల కలుగునో దీనివలన కొంత ఊహింపవచ్చును.

ఈ పటములకు హద్దులును కలవు. నొప్పి చెప్పి రాదు గనుక పరిశీలింపబడినవారు కొలదిమంది. పటము చూపునది రక్తప్రవాహమునే గాని నాడీకణములను నేరుగ కాదు. కావున నేటికిని ఈ రోగమును నిర్ణయించునది రోగి చెప్పు వృత్తాంతమే. హఠాత్తుగ వచ్చిన తీవ్రమైన నొప్పి, జ్వరముతో మెడ బిగియుట, కాలుసేతులు పడిపోవుట వంటి గుర్తులున్నచో మాత్రము వెంటనే వైద్యుని చూడవలెను. అప్పుడు స్కానింగు అవసరము కావచ్చును.

తరగతిలో ఒక విద్యార్థి కన్నులు మూసికొని వెలుతురునుండి ముఖము త్రిప్పుకొన్నచో, అతని స్కానింగు నిర్దోషముగనున్నను అతని నొప్పి నిజమే. అతనిని చీకటిగదిలో కొంతసేపు పరుండనిచ్చుట ఉపాధ్యాయుడు చేయదగిన మొదటి ఉపకారము.