మేరియో మీసముల కథ

పిల్లల సెల్‌ఫోను ఆటలను చూచి విసుగుకొనని తల్లిదండ్రులు అరుదు. ఆ విసుగు న్యాయమే. అయినను, ఆ ఆటలకు పూర్వికములైన పాత యంత్రపు ఆటలలోని బొమ్మలు ఎట్లు పుట్టినవో తెలిసికొనిన, పిల్లవానితో మాట కలుపుటకు వీలగును.

1978లో జపానునందు తొమొహిరో నిషికాదో 'స్పేస్ ఇన్వేడర్స్' రూపొందించెను. తెర నలుపు తెలుపులదే. దానిపై సెలోఫేను పట్టీలుంచి రంగులు చూపిరి. శత్రువులు తగ్గినకొలది తక్కినవి వేగముగా కదలును. ఇది ఉద్దేశించినది కాదు. గీయవలసిన బొమ్మలు తగ్గగా యంత్రమునకు పని తేలికయై వేగము తానే పెరిగెను. ఆయన దానిని అట్లే ఉంచెను.

1889లో క్యోటోలో పేకముక్కలు చేయుటతో ఆరంభమైన నింటెండో సంస్థ, 1981లో 'డాంకీ కాంగ్' వెలువరించెను. అమెరికాలో అమ్ముడుపోని 'రాడార్ స్కోప్' యంత్రములను వినియోగమునకు తెచ్చుటకై షిగెరు మియామోటో అను యువకుడు దీనిని కల్పించెను. నాయకుని బొమ్మకు దొరకిన చోటు, మన వాకిటి చుక్కల ముగ్గువలె, అడ్డము 16, నిలువు 16 చుక్కలు మాత్రమే! అందు నోరు గీయుట కుదరదు. కనుక పెద్ద ముక్కు, క్రింద మీసములు. జుట్టు గీయుట కష్టమని టోపీ. చేతులూపుట కనబడుటకై చొక్కాకొక రంగు, పైతొడుగుకు వేరొకటి. నాడతడు 'జంప్‌మాన్', పిదప మేరియో.

ఈ కథ చెప్పి, మా ఆరవ తరగతివారిని గళ్ల కాగితముపై 16 గళ్లలో 'శ్రీ' వ్రాయుమంటిని. ఇంట తెలుగు మాటలాడియు తెలుగక్షరము దిద్ద బద్ధకించు బాలుడొకడు, క్రావడి ఇమడక నాలుగు మారులు చెరిపి మరల వ్రాసెను. ఆ కాగితములు బడిలోనే ఉన్నవి. రాజపాళయపు తల్లిదండ్రులు వచ్చి చూడవచ్చును.