డ్రోను బ్యాటరీకి ఎట్టి కనెక్టరు కావలెను?

మన శ్రీకాకుళము మొదలుకొని ఘంటసాల, చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా నాగాయలంక వరకును గల పొలములలో మందు చల్లు డ్రోను నేడు వింత వస్తువు కాదు. 2021 ఆగష్టులో డ్రోను నియమావళి వెలువడినది. 2022లో కేంద్ర ప్రభుత్వము, సహకార సంఘములు నెలకొల్పు అద్దె యంత్రముల కేంద్రములకు డ్రోను వెలలో నూటికి 40 వంతులు, 4 లక్షల రూపాయలకు మించకుండ, సాయము ప్రకటించెను. 2023లో మహిళా సంఘములకు 15,000 డ్రోనులు సమకూర్చు పథకము ఆమోదింపబడినది. ఉమ్మడి సొమ్ముతో ఇట్టి యంత్రములు కొనుచున్న కాలమున, ఎవరి దృష్టికిని రాని ఒక చిన్న వస్తువును గూర్చి కర్షక సోదరులకు మనవి చేయదలచితిమి. అది బ్యాటరీని యంత్రముతో కలుపు కనెక్టరు.

మినుము చేనిలో మందు చల్లుచుండగా మేము చూచిన సంగతి యొకటి చెప్పెదము. అద్దెకు వచ్చిన డ్రోను నాలుగు మడులు తిరిగి, అయిదవ మడి నడుమ తడబడి దిగిపోయెను. బ్యాటరీలో బలము మిగిలియే యున్నది. కనెక్టరు పట్టుకొన్న కుఱ్ఱవాని వ్రేళ్లు కాలినవి. పసుపు రంగు ప్లాస్టికు గోధుమ వన్నెకు తిరిగి, లోపలి పిన్ను ఒకవైపునకు ఒరిగియుండెను. గట్టుపై పడుటచేత ఎవరికిని హాని కలుగలేదు. కాని ఆ దినము పని చెడెను. తెగులు మాత్రము ఆగలేదు.

ఇట్లేల జరుగును? కాలువ ఎంత వెడల్పుగా నున్నను తూము ఇరుకైనచో నీరు అచటనే నిగ్గదీసి కట్టను కోయును. విద్యుత్తు సంగతియు నట్టిదే. డ్రోను 4,000 వాట్ల శక్తిని తీసికొనుచున్న దనుకొందము. ఆరు అరల బ్యాటరీ 22.2 వోల్టులది, దానినుండి 180 ఆంపియరులు ప్రవహింపవలెను. పండ్రెండు అరలైనచో 44.4 వోల్టులు, 90 ఆంపియరులు చాలును. ప్రవాహము సగమైనపుడు అతుకులో పుట్టు వేడిమి నాలుగవ వంతగును. పెద్ద డ్రోనులకు ఎక్కువ వోల్టులు వాడుటకు ముఖ్య కారణ మిదియే. అయితే రెండు బ్యాటరీలను వరుసగా కలిపినచో ప్రతి కనెక్టరు గుండను మొత్తము ప్రవాహము పోవునని మరువరాదు.

ఓములో వేయింట నొకవంతు మిల్లిఓము. ఆ మాత్రపు అడ్డంకి గల అతుకులో 90 ఆంపియరులకు 8 వాట్ల వేడిమి పుట్టును. మురికిచేతనో, వదులుచేతనో అడ్డంకి అయిదు మిల్లిఓములైనచో 40 వాట్లగును. రేడియోలు బాగుచేయువాని సోల్డరింగు కడ్డీకి అంతయే బలము. అట్టి కడ్డీని ప్లాస్టికు గుల్లలో దాచి, మందు తొట్టితోడ ఆకాశమున కెగురవేయుట క్షేమమా?

ఇక ఎంపిక విషయము. అంగళ్లలో విరివిగా దొరకునవి ఎక్స్‌టీ 60, ఎక్స్‌టీ 90, ఏఎస్ 150 అనునవి. మొదటిదానిలోని పిన్నుల మందము 3.5 మిల్లీమీటరులు, రెండవదానిలో 4.5, మూడవదానిలో 7. పేరులోని అంకెను చూచి మోసపోరాదు. ఎక్స్‌టీ రకములలో ఆ అంకె కొద్దిసేపు తాళగల ప్రవాహమునే తెలుపును. ఎడతెగక పారుటకు తగినది అందులో సుమారు సగమే. కావున ఎక్స్‌టీ 60 ఆటబండ్లకును చిన్న డ్రోనులకును చాలును. మధ్యరకమునకు ఎక్స్‌టీ 90 తగును. పదిలీటర్ల తొట్టి మోయు యంత్రమునకు ఏఎస్ 150, లేదా దానికి సమానమైన లావుపాటి పిన్నులది కావలెను.

రెండవ సంగతి నిప్పురవ్వ. బ్యాటరీ తగిలించిన క్షణమున యంత్రములోని ఖాళీ కెపాసిటరులు ఒక్కమారుగ విద్యుత్తును లాగుకొనును. ఆ రవ్వ పిన్నులపై బంగారు పూతను తినివేయును. పూత పోయినకొలది అడ్డంకి పెరుగును. దీని నివారణకు కొన్నిటిలో చిన్న నిరోధకము నమర్చిరి. లోపల ఆకుపచ్చ వలయము గల ఎక్స్‌టీ 90 ఎస్ అట్టిది. దాని నిరోధకము 5.6 ఓములు, పూర్తిగా నిండిన 50.4 వోల్టుల బ్యాటరీకి సైతము మొదటి ప్రవాహము 9 ఆంపియరులు దాటదు. ఏఎస్ 150లోను ఈ యేర్పాటు గలదు. అందు ఎఱుపు, నలుపు కొనలు విడివిడిగా నుండును గనుక ముందు నలుపును, పిదప ఎఱుపును కలుపవలెను.

మన సీమలో ఇంకొక శత్రువు కలదు. అది సముద్రపు ఉప్పుగాలి. దానికి మంచు తేమయు, మందు తుంపరయు తోడైనచో లోహము త్వరగా చెడును. పని ముగియగనే పిన్నులను పొడిగుడ్డతో తుడిచి మూతలు పెట్టవలెను. గరుకు కాగితముతో రుద్దరాదు, పూత పోవును. ఊడదీయునపుడు తీగెను గాక గుల్లను పట్టి లాగవలెను. ప్రతిమారు దింపినపుడు కనెక్టరును చేతితో తాకి చూడవలెను. గోరువెచ్చన మేలు, చేయి ఓర్వనిచో దానిని తీసివేయవలెను.

క్రొత్తది అతుకునపుడు బ్యాటరీ తీగెలు రెంటిని ఒక్కమారు కత్తిరింపరాదు. కత్తెర రెంటిని కలిపి మంట పుట్టించును. ఒకటి కోసి, అతికి, తొడుగు వేసిన పిమ్మటనే రెండవది. అయినను ప్రభుత్వ ధ్రువపత్రము పొందిన డ్రోనులో తయారీదారుని అనుమతి లేక మార్పులు చేయుట తగదు. కావుననే ఎంపిక కొనునాడే జరుగవలెను.

సంఘ కార్యవర్గమువా రీ ప్రశ్నలు వేసి మరి సొమ్ము చెల్లింపవలెను: ఎగురునపుడు ఎన్ని ఆంపియరులు ప్రవహించును? కనెక్టరు ఎడతెగక ఎంత తాళును? నిప్పురవ్వ నివారణ గలదా? ఛార్జరుకును, బ్యాటరీలన్నిటికిని ఒకే రకము గలదా? నడుమ మారు కనెక్టరు లేకుండుటయే మేలు. ప్రతి అదనపు అతుకును ఒక అదనపు తూము.

చిల్లర వస్తువని దీనిని అద్దె పనివానికి వదలిన, లక్షల యంత్రము దానిపైననే వ్రేలాడునని మరువరాదు. ఒకే రకము నిర్ణయించి, దానిని సంఘపు పుస్తకమున వ్రాసి, ప్రతి పంటకు ముందు పరీక్షింప నొక్కనిని నియమింతురుగాక యని మా కోరిక.