తడి ఉన్నా వాడిపోయే కుండీ మొక్క

ఆసుపత్రికి వచ్చేవారు మందుల సంగతి అడిగాక, వరండాలోని కుండీల దగ్గర ఆగి మొక్కల సంగతి కూడా అడుగుతుంటారు. ఎక్కువగా వినేది ఇదే: "రోజూ నీళ్లు పోస్తున్నామండీ, అయినా కరివేపాకు వాడిపోతోంది." వాడిపోతోందని ఇంకో చెంబు పోస్తారు. మేము కూడా అలాగే పోసి రెండు మొక్కలు పోగొట్టుకున్నాం.

వేళ్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఆ గాలి ఉంటుంది. కుండీలో నీరు బయటకు పోకపోతే ఖాళీలన్నీ నీటితో నిండి వేళ్లకు ఊపిరాడదు, కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. అందుకే చుట్టూ నీరున్నా మొక్క దాహంతో ఉన్నట్టు తల వాల్చేస్తుంది.

రోగిని చూడకుండా మందు రాయం కదా! చెంబు ఎత్తే ముందు చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దింపండి. పొడిగా ఉంటే నీళ్లు పోయండి. తడిగా ఉండి కూడా ఆకులు వాడుతున్నా, కింది ఆకులు పసుపుబారి రాలుతున్నా, మట్టి మురుగు వాసన వేస్తున్నా వేళ్లను అనుమానించాలి. పోసిన నీరు పైనే చాలాసేపు నిలిస్తే మట్టి గట్టిపడింది, లేదా అడుగు చిల్లు పూడిపోయింది. పోసిన వెంటనే నీరంతా కిందికి కారిపోతే సంబరపడకండి. మట్టి ఎండి కుండీ అంచు నుండి విడిపోయి, మధ్యలో పొడిగానే ఉండవచ్చు.

అనుమానం తీరకపోతే కుండీని వంచి, అంచు తట్టి, మొక్కను మట్టితో సహా బయటకు తీసి చూడండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లబడి మెత్తగా ఉంటుంది, లాగితే పైతోలు ఊడి దారం లాంటి నార మిగులుతుంది. కొన్ని మొక్కల వేళ్లు సహజంగానే గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి రంగు చూసి కంగారు పడకుండా నొక్కి చూడాలి. కుళ్లినంత మేర శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి. ఎర్రమట్టి, ఏటి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి తిరిగి నాటండి. నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, కుండీకి ఒక్కటే వాడకండి. కొత్త చిగురు వచ్చే వరకు నీడలో ఉంచి, ఎరువు వేయకండి.

అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి సన్నని మట్టిలోని నీరు పెద్ద రాళ్ల మధ్యకు సులువుగా దిగదు, రాళ్లపైనే తడి పొరగా నిలుస్తుంది. చిల్లు మీద ఒక్క పెంకు ముక్క చాలు.

కుండీ కింది పళ్లెం మాత్రం మరువకండి. అందులో నిలిచిన నీరు వేళ్లను కుళ్లబెట్టడమే కాదు, డెంగీ దోమకు పుట్టిల్లు అవుతుంది. గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనీసం వారానికోసారి పళ్లెం ఖాళీ చేసి, లోపలి అంచులు పీచుతో రుద్ది కడగండి. గుడ్లు అంచులకే అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు.