పొగ తెర, చందనపు పూత

మానోహ గుండె జారిపోయింది. రాతి మీద మేకపిల్లను బలిగా పెట్టాడు, మంట లేచింది, అంతవరకూ తమతో మాట్లాడిన మనిషి ఆ మంటలోనే పైకి వెళ్లిపోయాడు. వచ్చినవాడు దేవదూత అని అప్పుడు తెలిసింది. దేవుణ్ణి చూశాం, ఇక చావు తప్పదని భార్యతో అన్నాడు. ఆ ఇల్లాలు బెదరలేదు. చంపాలనుకున్నవాడు మన బలి ఎందుకు అందుకుంటాడు, పుట్టబోయే బిడ్డ సంగతి ఎందుకు చెబుతాడు అని అడిగింది. ఆ బిడ్డే సమ్సోను. బైబిల్లోని న్యాయాధిపతుల గ్రంథం ఆమె పేరైనా చెప్పలేదు గానీ, దేవుడి ఎదుట మనిషి బతుకుతాడా అన్న ప్రశ్నకు అంత నిబ్బరమైన జవాబు అరుదు.

మానోహది ఉత్త పిరికితనం కాదు. సీనాయి కొండ మీద మోషే దేవుడి మహిమ చూపమని వేడుకుంటే, తన ముఖం చూసిన నరుడెవడూ బతకడన్న జవాబే వచ్చింది. అయినా ఉత్తచేతులతో పంపలేదు. బండ సందులో నిలబెట్టి, తాను దాటిపోయేదాకా చేత్తో కప్పి, వెనుకవైపు మాత్రం చూడనిచ్చాడు. ప్రమాదమూ ఆయనే, అడ్డుపెట్టిన చెయ్యీ ఆయనదే.

మోషే విన్న ఆ జవాబు ఉన్న నిర్గమకాండంలోనే, అంతకు ముందు 74 మంది కొండెక్కి దేవుణ్ణి చూశారు, తిన్నారు, తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లలో మోషే అన్న అహరోను కొడుకులు నాదాబు, అబీహు కూడా ఉన్నారు. ఆ ఇద్దరే తర్వాత, తెమ్మని చెప్పని నిప్పుతో సన్నిధికి వెళ్లి కాలిపోయారు. పిలిస్తే వెళ్లిన రోజు నిలిచిన ప్రాణం, పిలవని రోజు నిలవలేదు.

ఆ చావుల తర్వాత వచ్చిందే ధూపం నియమం. ఏడాదికి ఒక్కసారి, ప్రాయశ్చిత్త దినాన, ప్రధాన యాజకుడు గుడారంలోని తెర దాటి, మందసం ఉన్న లోపలి గదికి వెళ్లాలి. ధూపార్తి నిండా నిప్పులు, రెండు పిడికిళ్ల నిండా మెత్తగా దంచిన ధూపద్రవ్యం. నిప్పుల మీద చల్లగానే లేచే పొగ, మందసం మీది కరుణాపీఠాన్ని కప్పేయాలి. అతను చావకుండా ఉండేందుకే ఆ పొగ. అతని ఒంటికి తాడు కట్టి పంపేవారన్న కథ చాలామంది చెబుతారు గానీ, బైబిల్లో ఆ తాడు ఎక్కడా లేదు.

ఈ భయం బైబిల్లోనే కాదు. భగవద్గీతలో విశ్వరూపం చూడ్డానికి దివ్యచక్షువు పొందిన అర్జునుడు కూడా వణికిపోయి, పాత రూపమే చూపమని కృష్ణుణ్ణి బతిమాలుకున్నాడు.

సింహాచలంలో ఆ పొగలాగే దేవుణ్ణి కప్పి ఉంచేది చందనం. వరాహ నరసింహుడి ఉగ్రాన్ని చల్లబరిచేందుకే ఆ పూత అని భక్తుల నమ్మకం. ఏడాది పొడవునా స్వామి దాని కింద లింగాకారంలో కనిపిస్తాడు. అక్షయ తృతీయ కోసం అర్చకులు వెండి బొరిగెలతో చందనం ఒలుస్తారు. ఆ ఒక్కరోజు నిజరూపం చూడ్డానికి జనం గంటల తరబడి ఎండలో వరుసకట్టి నిలబడతారు. దర్శనాలు ముగిశాక గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి, మూడు మణుగుల పచ్చి చందనం మళ్లీ పూసేస్తారు.