కారం పుట్టుకతో వచ్చిన రుచియేనా?

మన నక్కపల్లి ప్రాంతంలో పదిమంది కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు, కొత్తగా వచ్చిన విద్యార్థి ఎవరైనా పండుమిరపకాయల పచ్చడి తిని కన్నీరు పెట్టుకుంటే పంక్తిలోని మిత్రులు నవ్వడం పరిపాటి. "కారం తినలేనివాడు ఆంధ్రుడెట్లా అవుతాడు?" అని పరిహసించేవారూ ఉన్నారు. ఆ పరిహాసానికి ఆధారమేమైనా ఉన్నదా అని విచారించడమే ఈ చిన్న వ్యాసంలో మా ఉద్దేశం.

మొదట చరిత్రను చూద్దాం. మిరప మన దేశంలో పుట్టిన మొక్క కాదు. దాని జన్మస్థానం అమెరికా ఖండం. 1492లో కొలంబస్ చేసిన యాత్రతో అది ఐరోపావారి కంటబడింది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన దేశపు పడమటి తీరాన్ని చేరింది. 1347లో దక్కనులో బహమనీ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాను పళ్లెంలో గాని, తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) కాలంనాటి తెలుగు గృహాలలో గాని మిరపకాయ లేదు. ఆనాటి వంటకు ఘాటునిచ్చినవి మిరియాలు, అల్లం, పిప్పళ్లు. కొత్త కాయ రాగానే తెలుగువారు మిరియం పేరును పోలిన పేరే దానికి పెట్టారు. ఉర్దూలోనూ అంతే: మిరియం 'కాలీ మిర్చ్', ఎండుమిరప 'లాల్ మిర్చ్'. పరదేశపు అతిథిని రెండు భాషలూ ఒకే తీరున ఆదరించాయి. ఆ ఆదరణ వల్లనే నేడు గుంటూరు మిరపకు, హైదరాబాదు 'మిర్చీ కా సాలన్'కు ఇంతటి ప్రఖ్యాతి కలిగింది.

ఇక శాస్త్రం ఏమంటున్నది? షడ్రుచులలో కారాన్ని మన పెద్దలు లెక్కించినా, శరీరశాస్త్రం దానిని మంటగానే గుర్తిస్తున్నది. మిరపకాయలో గింజలను పట్టి ఉండే తెల్లని పొరలో క్యాప్సైసిన్ అనే పదార్థం అధికం. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి మేల్కొనే నాడీ గ్రాహకాన్నే అది కూడా మేల్కొలుపుతుంది. అందువల్ల నాలుక నిజంగా కాలకపోయినా కాలినట్లే మెదడుకు తోస్తుంది. 1997లో ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. కనుక కొత్తవాని కన్నీరు పిరికితనం కాదు, అది దేహధర్మం.

అట్లయితే ఆ మంటను మనమెట్లా ప్రేమిస్తున్నాం? పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరురాలితో కలిసి మెక్సికోలోని ఒక గ్రామంలో పరిశీలన జరిపి, 1980లో ప్రకటించాడు. అక్కడ పసివారిచేత ఎవరూ బలవంతంగా కారం తినిపించరు. పెద్దలు ఇష్టంగా తినడం చూస్తూ, కొద్దికొద్దిగా రుచి చూస్తూ, కొన్నేళ్లకు పిల్లలే కోరి తింటారు. మన ఇళ్లలోనూ జరిగేది ఇదే కదా! తల్లి మొదట పప్పన్నం పెడుతుంది; తరువాత చారు; ఆ పిమ్మట నేతితో కలిపిన ఆవకాయ ముద్ద.

కొత్తవారికి మా సలహా ఒక్కటే. పచ్చడిని నెయ్యితో గాని పెరుగుతో గాని కొద్దిగా మొదలుపెట్టండి. మంట పుడితే నీళ్లకు పరుగెత్తవద్దు. క్యాప్సైసిన్ నీటిలో సులభంగా కరగదు. పాలు, పెరుగు ఉపశమనమిస్తాయి. కడుపులో బాధ కలిగేవారు కారం మానడంలో చిన్నతనమేమీ లేదు.

పాతవారికి మా మనవి మరొకటి. మనమందరమూ ఒకనాడు కన్నీటితోనే ఈ రుచిని నేర్చుకున్నాం. కారమైనా, పరాయి భాష అయినా, తోటివారి ఆదరణ ఉన్నచోటనే అలవడుతుంది. కాబట్టి పక్కన కూర్చున్న కొత్తవానిని చూసి నవ్వేముందు, అతని వైపు పెరుగు గిన్నె జరుపుదాం.