గడప దాటని ఈమెయిలు

ఉగాది సభకు ఆహ్వానాలను సభ్యులందరికీ పంపిన సంఘ కార్యదర్శికి కొద్దిసేపటిలోనే అనేక ఉత్తరాలు తిరిగి వస్తాయి. వాటిపై 550 అనే అంకె ఉంటుంది. చిరునామాలలో దోషం లేదు. ఆహ్వానం అందనివారు మాత్రం తమను పిలవలేదని నొచ్చుకుంటారు.

ఈమెయిలు చేరవేతకు నేటికీ ఆధారమైన నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో రచించాడు. అది నిజానికి రెండు కంప్యూటర్ల సంభాషణ. వచ్చిన సర్వరు మొదట తన పేరు చెబుతుంది. పిదప ఉత్తరం ఎవరి పేర వచ్చినదో, ఎవరికి చేరవలసినదో చెబుతుంది. ఇంటివైపు సర్వరు ప్రతి మాటకూ మూడంకెల సంఖ్యతో బదులిస్తుంది. ఆ సంఖ్య 4తో మొదలైతే మరల రమ్మని, 5తో మొదలైతే ఇక రావద్దని అర్థం. ఒకరినొకరు ఎరిగిన విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాల కాలమది. చెప్పిన పేరు నిజమా అని అడిగే ఏర్పాటు అందులో లేదు.

ఆ లోటును తరువాతివారు అంచెలంచెలుగా పూడ్చారు. ఐపీ సంఖ్యను బట్టి పేరును, ఆ పేరును బట్టి మరల సంఖ్యను వెదికి, రెండూ పొసగుతున్నవో లేదో చూడడం ఒకటి. తన పేర ఉత్తరాలు పంపదగిన సర్వర్ల పట్టికను డొమైను యజమాని బహిరంగంగా ప్రకటించడం రెండవది. ఉత్తరంపై గణితపరమైన సంతకం మూడవది. కార్యదర్శి తన సొంత యాహూ చిరునామాను పెట్టి, సంఘం అద్దెకు తీసుకున్న సర్వరు నుండి ఆహ్వానాలు పంపి ఉంటే, పట్టికగానీ సంతకంగానీ ఆ పేరుతో పొసగదు. అటువంటి ఉత్తరాలను తిరస్కరించమని యాహూ 2014 ఏప్రిల్‌లోనే లోకానికి ప్రకటించింది. ప్రయోగశాలలో చీటీ లేని సీసాలోని ద్రవం ఎంత శుద్ధమైనదైనా ఎవరూ వాడరు కదా!

అయితే ఎంత కఠినంగా ఉండాలి? సర్వరు చెప్పుకొన్న పేరు దాని సంఖ్యతో సరిపోలేదన్న ఒక్క కారణంతో ఉత్తరాన్ని నిరాకరించరాదని 2008 నాటి నియమావళి స్పష్టంగా చెబుతున్నది. చోరుల బాధ పడలేని నిర్వాహకులు ఈ మాటను తరచు పెడచెవిన పెడతారు. వారిని పూర్తిగా తప్పుపట్టలేము.

నిరాకరించదలచుకుంటే సంభాషణ ముగియకముందే, గుమ్మం వద్దనే చేయడం న్యాయం. అప్పుడు పంపిన సర్వరే తన యజమానికి వర్తమానం చెబుతుంది. లోనికి తీసుకొని ఆ తరువాత తిప్పిపంపితే, దొంగ ఎవరి పేరు వాడుకొన్నాడో ఆ నిరపరాధి పెట్టె నిండుతుంది. మారుమాట లేకుండా పారవేయడం అన్నిటికంటె అన్యాయం. పంపినవానికి తన దోషం ఎన్నటికీ తెలియదు. కొత్త నిబంధనను పరీక్షించే రోజులలో 5కు బదులు 4తో మొదలయ్యే సంఖ్యను చెప్పడం వివేకం. పంపిన సర్వరు సాధారణంగా నాలుగైదు రోజులు మరల మరల ప్రయత్నిస్తుంది కనుక, పొరపాటును ఆలోగా దిద్దుకొంటే ఉత్తరం పోదు.

రోజుకు 5,000కు మించి జీమెయిల్ చిరునామాలకు పంపేవారికి పట్టిక, సంతకం రెండూ ఉండి తీరాలని 2024 ఫిబ్రవరి నుండి గూగుల్ నిర్ణయించింది. సంఘాలు అంత పంపకపోవచ్చు. అయినా సంఘం సొంత డొమైను పేరనే పంపడం, ఆ రెండింటినీ అమర్చడం మేలు. 550 పక్కనున్న వాక్యాన్ని చదివితే లోపమెక్కడో తరచు అక్కడే తెలుస్తుంది. దిద్దిన నమోదు అన్ని చోట్లా తెలియడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. కనుక ఆహ్వానాలను పండుగ ముందురోజు రాత్రికి మిగల్చరాదు.