మళ్లీ విల్లు పట్టే వయసులో

కళాశాల రోజుల్లో రెండు మూడేళ్లు విలువిద్య సాధన చేసి, ఆపై ఉద్యోగం, సంసారం అంటూ దానిని అటకెక్కించి, నలభై దాటాక మళ్లీ మైదానానికి వచ్చేవారినీ, ఆ వయసులోనే మొదటిసారి విల్లు ముట్టుకునేవారినీ మధ్యలో మాన్పించేది చాలావరకు గురి కుదరకపోవడం కాదు, బరువు. ఇక్కడ బరువు అంటే విల్లును తక్కెడలో పెడితే తూగేది కాదు. నారిని గడ్డం దాకా లాగి నిలిపి ఉంచేందుకు వేళ్లు భరించవలసిన బలం. దీనిని ప్రపంచమంతటా పౌండ్లలోనే లెక్కిస్తారు, మైదానంలో పౌండేజీ అంటారు. ఒక పౌండు దాదాపు 450 గ్రాములు. 36 పౌండ్ల విల్లుతో ఒక పోటీకి సరిపడే 72 బాణాలు వేసినవారు మొత్తం మీద దాదాపు 12 క్వింటాళ్ల బరువును లాగినట్టు లెక్క తేలుతుంది. అదే 18 పౌండ్ల విల్లయితే అందులో సగం. ఇరవై ఏళ్ల భుజానికి ఈ తేడా తెలియకపోవచ్చు గానీ, రోజంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చునే భుజానికి మొదటి వారంలోనే తెలిసివస్తుంది.

మన దేశంలో పోటీలు ప్రధానంగా మూడు తరహాల విళ్లతో జరుగుతున్నాయి. వెదురు విల్లుతో, గురి చూసే పరికరం ఏదీ లేకుండా, 30, 50 మీటర్ల దూరాల నుంచి ఆడేది ఇండియన్ రౌండ్; ఖర్చు తక్కువ కనుక జిల్లా స్థాయిలో చాలామంది పిల్లలు దీనితోనే మొదలుపెడతారు. కొనలు ముందుకు వంపు తిరిగి ఉండేది రికర్వ్ విల్లు. 1920 తరువాత ఒలింపిక్స్ నుంచి మాయమై 1972లో మ్యూనిక్‌లో తిరిగి వచ్చిన విలువిద్యలో ఇప్పటిదాకా వాడుతున్నది ఇదే. మూడవదైన కాంపౌండ్ విల్లుకు అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1969లో పేటెంట్ పొందాడు. దాని రెండు కొనల్లోని చక్రాల వంటి కామ్‌ల వల్ల నారిని పూర్తిగా లాగిన తరువాత బలం ఒక్కసారిగా తగ్గి, 50 పౌండ్ల విల్లు కూడా చేతిలో 10 నుంచి 15 పౌండ్లుగా నిలుస్తుంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది, తెలంగాణకు చెందిన తానిపర్తి చికిత 2025లో ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్‌లో స్వర్ణం సాధించింది ఈ కాంపౌండ్‌తోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్ విభాగంగా దీనికి తొలిసారి చోటు దక్కనుంది. ఈ విజయాల ప్రభావంతో తెలుగు నగరాల్లో కొత్తగా వచ్చే పెద్దవారు నేరుగా కాంపౌండ్ అడగడం సహజమే. అయితే కాంపౌండ్‌లో బలం తగ్గేది లాగడం చివరికి వచ్చాకే. నడుమ భుజం ఆ 50 పౌండ్లనూ దాటుకునే రావాలి. లోపాన్ని దాచకుండా వెంటనే చూపించే గుణం రికర్వ్‌లోనే ఎక్కువ కాబట్టి, నేర్చుకోవడానికి అదే మంచి గురువు అనక తప్పదు.

వయసు గానీ శరీర పరిమితి గానీ ఈ ఆటకు అడ్డు కాదనడానికి చరిత్రలో గట్టి సాక్ష్యమే ఉంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల విలువిద్య స్వర్ణం గెలిచిన బ్రిటన్ క్రీడాకారిణి క్వీనీ న్యూవాల్ వయసు అప్పటికి 53 ఏళ్లు. 1948లో లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వైద్యుడు లుడ్విగ్ గట్‌మన్ యుద్ధంలో గాయపడి చక్రాల కుర్చీలకు పరిమితమైన 16 మందికి విలువిద్య పోటీ పెట్టాడు. నేటి పారాలింపిక్స్‌కు మూలం ఆ పోటీయే. అంతర్జాతీయ నియమాల్లోనూ 50 ఏళ్లు దాటినవారికి ప్రత్యేక విభాగం ఉంది, అందులో రికర్వ్ దూరం 70 మీటర్లకు బదులు 60 మీటర్లే.

విరామం తరువాత తిరిగి వచ్చేవారిది మాత్రం కొత్తవారికి లేని చిక్కు. చేతికి అలవాటైన కదలికలు ఏళ్లు గడిచినా పూర్తిగా చెరిగిపోవు, కండబలం మాత్రం నిలవదు. అందువల్ల మొదటి రోజున విల్లు ఎత్తగానే పాత ఠీవి వచ్చినట్టే అనిపించి, పాత విల్లే కావాలనిపిస్తుంది. నారిని లాగి నిలపవలసినది చేతి కండ కాదు, రెండు రెక్కల ఎముకల నడుమ ఉండే వీపు కండరాలు, భుజం కీలును పట్టి ఉంచే చిన్న కండరాలు. వాడకం లేక ఇవి సడలినప్పుడు, వాటి పనిని మెడ, భుజాగ్రం తమ నెత్తిన వేసుకుంటాయి. భుజం చెవి వైపు ఎక్కుతుంది, మోచెయ్యి కిందికి జారుతుంది, నొప్పి అక్కడ మొదలవుతుంది. మధుమేహం ఉన్నవారికి భుజం బిగుసుకుపోయే అవకాశం ఇతరులకంటే ఎక్కువ గనుక, చెయ్యి పైకెత్తినప్పుడే నొప్పి ఉన్నవారు మైదానానికి ముందు ఫిజియోథెరపిస్టును కలవడం మంచిది. ఒకప్పుడు 36 పౌండ్లు లాగినవారైనా సరే 20 దగ్గర మొదలుపెట్టడంలో చిన్నతనం లేదు. పరీక్ష సులువే: నారిని పూర్తిగా లాగి, వణుకు లేకుండా కొన్ని సెకన్లు నిలిపి, వదలకుండా నెమ్మదిగా వెనక్కి దించగలగాలి, వరుసగా కొన్నిసార్లు అలా చేయలేకపోతే ఆ విల్లు ఇంకా బరువే.

విల్లుపై రాసి ఉన్న అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆ అంకె 28 అంగుళాల లాగుడుకు కొలిచినది. అంతకు ప్రతి అంగుళం ఎక్కువైనా తక్కువైనా దాదాపు 2 పౌండ్లు మారుతుంది. రెండు చేతులు బారచాపి వేలికొన నుంచి వేలికొనకు ఉన్న కొలతను రెండున్నరతో భాగిస్తే ఎవరి లాగుడు ఎంతో స్థూలంగా తెలుస్తుంది. నేటి రికర్వ్ విల్లు విడి భాగాలుగా వస్తుంది. నడుమ చేతితో పట్టుకునే భాగం రైజర్, దానికి పైనా కిందా బిగించే రెండు రెక్కలు లింబ్స్. పౌండ్లు ఉండేది లింబ్స్‌లోనే కాబట్టి, మంచి రైజర్ ఒక్కటి కొనుక్కుని, తక్కువ పౌండ్ల లింబ్స్‌ను అకాడమీలో అద్దెకో అరువుకో తీసుకోవడం తెలివైన దారి.

ఒక్క బాణం వేయడంలో జరిగేదంతా దగ్గర నుంచి చూస్తే పౌండేజీ ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది. విలుకాడు గీతకు అటొక కాలు ఇటొక కాలు పెట్టి పక్కకు తిరిగి నిలబడి, బాణం చివరి గాడిని, అంటే నాక్‌ను, నారికి తగిలిస్తాడు. చూపుడువేలు బాణానికి పైన, మధ్యవేలు, ఉంగరపువేలు కింద నారిని పట్టుకుంటాయి. వేళ్లకూ నారికీ మధ్య ఫింగర్ ట్యాబ్ అనే తోలు ముక్క ఉంటుంది. బొటనవేలికి ఇక్కడ పని లేదు. ద్రోణుడు ఏకలవ్యుని బొటనవేలు అడిగిన కథకు అర్థం ఉండేది మంగోలియా, తుర్కియే దేశాల్లో సాగినట్టు నారిని బొటనవేలితో లాగే పద్ధతిలోనే. విల్లు పట్టిన చెయ్యి బిగించదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న వంపు రైజర్‌ను ఆనుకుంటుందంతే. నారి ముక్కు కొనకూ గడ్డానికీ తాకి, చూపుడువేలు దవడ కిందికి చేరిన ఆ స్థానాన్ని యాంకర్ అంటారు. అక్కడి నుంచి వీపు ఇంకా కొద్దిగా విచ్చుకుంటూ పోవాలి. బాణం మీద ఆనించి ఉన్న క్లిక్కర్ అనే పలుచని లోహపు రేకు బాణం మొన దాటి టిక్కుమన్న క్షణంలో వేళ్లు సడలాలి. చెయ్యి మెడ వెంట వెనక్కి పోతుంది, విల్లు తనంతట తాను ముందుకు వాలుతుంది.

యాంకర్ దగ్గర నారి 3 మిల్లీమీటర్లు పైకో కిందికో జరిగిందనుకుంటే, 70 సెంటీమీటర్ల బాణం విషయంలో ఆ తేడా 18 మీటర్ల దూరంలో 7 సెంటీమీటర్లు దాటుతుంది, 70 మీటర్ల దూరంలో దాదాపు 30 సెంటీమీటర్లవుతుంది. 70 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 12.2 సెంటీమీటర్లు మాత్రమే. అలసిన భుజం ప్రతి బాణానికీ యాంకర్‌ను ఎంతో కొంత జరుపుతుంది. సాధకుడు మాత్రం గురి చూసే పరికరమైన సైట్‌ను, గాలిని, కళ్లజోడును అనుమానిస్తూ ఉంటాడు.

కళ్లజోడును అనుమానించడానికీ కొంత న్యాయముంది. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం పనిచేసే ప్రోగ్రెసివ్ కళ్లజోడుతో తల పక్కకు తిప్పి చూసినప్పుడు, చూపు ముక్కు పక్కనున్న అద్దపు అంచు గుండా పోయి లక్ష్యం మసకబారుతుంది. వెడల్పైన ఫ్రేములో దూరపు చూపుకు మాత్రమే చేయించిన జోడు ఈ ఆటకు నయం. చత్వారం వల్ల సైట్‌లోని పిన్ను కొంచెం అలికినట్టు కనిపించినా నష్టం లేదు, రికర్వ్‌లో కన్ను నిలవవలసింది లక్ష్యం మీదే.

తిరిగి వచ్చేవారిని మోసగించే మరొకటి పాత బాణం. వేళ్ల నుంచి జారేటప్పుడు నారి కాస్త పక్కకు కదులుతుంది కనుక, బాణం తిన్నగా దూసుకుపోదు. చేపలా అటూ ఇటూ వంగుతూ రైజర్‌ను తప్పించుకుని పోతుంది. ఎంత వంగాలో నిర్ణయించే గుణాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాలపై బాణాన్ని ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసి, అది ఎన్ని అంగుళాలు వంగిందో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె ఇది. అర అంగుళం వంగితే 500, ఒక అంగుళం వంగితే 1000; అంకె పెరిగేకొద్దీ బాణం మెతక. 36 పౌండ్లకు కొన్న గట్టి బాణాలను 20 పౌండ్ల విల్లుకు ఎక్కుపెడితే అవి చాలినంత వంగవు, కుడిచేతివాటం వారికి గుంపుగా ఎడమకే పోయి నాటుకుంటాయి. లోపం చేతిలో లేదని చెప్పేవారు పక్కన లేకపోతే, ఆ సాధకుడు కుదురుగా ఉన్న పద్ధతిని కూడా చెడగొట్టుకుంటాడు. కార్బన్ బాణాలనైతే రెండు కొనలూ పట్టి మెల్లగా వంచి, చిటపట శబ్దం వస్తోందేమో వినాలి. పగులు ఉన్నది వదిలే సమయంలో చీలి చేతిలోకి దిగే ప్రమాదముంది.

అటక మీద ఉన్న విల్లుకూ ఇదే వర్తిస్తుంది. లింబ్స్ మెలితిరిగాయేమో, పొరల నడుమ గీతలు కనిపిస్తున్నాయేమో చూడకుండా నారి ఎక్కించకూడదు. నారిలో పోగులు లేచి ఉంటే కొత్తది వేయించాలి, అయితే సాగని కొత్తరకం నారను పాత చెక్క విల్లు తట్టుకోలేదు. బాణం లేకుండా నారి లాగి వదలడం అన్నిటికంటే చెడ్డది, బాణంలోకి పోవలసిన శక్తి అంతా లింబ్స్‌నే చీలుస్తుంది. మండుటెండలో నిలిపిన కారులో విల్లు వదిలేసినా పొరలను అతికించిన జిగురు సడలుతుంది. మన ఎండలకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

స్థలం గురించి చెప్పవలసింది కొద్దే. మేడ మీద, అపార్టుమెంటు ఆవరణలో సాధన వద్దు. 20 పౌండ్ల విల్లు నుంచి వెళ్లిన బాణం కూడా 100 మీటర్లు దాటగలదు. వెనుక మట్టికట్ట ఉన్న మైదానంలో, అందరూ ఒకే గీత మీద నిలబడి, ఈల విధానం పాటించే చోటికే వెళ్లాలి: రెండు ఈలలకు గీత మీదికి రావడం, ఒక ఈలకు బాణాలు వేయడం, మూడు ఈలలకు వెళ్లి తెచ్చుకోవడం. ఇంట్లో చేయదగినది రబ్బరు బ్యాండును అద్దం ముందు లాగుతూ భుజం పైకి లేవకుండా చూసుకోవడం.

ఇక మొదటి నెలల సాధన చూసేవారికి వింతగా ఉంటుంది, ఎందుకంటే అందులో లక్ష్యమే ఉండదు. మూడు నాలుగు మీటర్ల దూరంలో ఖాళీ గడ్డి దిమ్మె పెట్టి, గురి సంగతి మరిచి, యాంకర్, వీపు, వేళ్లు సడలడం మాత్రమే గమనిస్తూ బాణాలు వేయిస్తారు. పసుపు వలయం కంటబడగానే చెయ్యి ఆగకుండా బాణం వదిలేసే జబ్బు ఒకటుంది, టార్గెట్ ప్యానిక్ అంటారు. పూర్వం బాగా ఆడినవారికే ఇది ఎక్కువగా తగులుకుంటుంది, దానికీ మందు ఈ ఖాళీ దిమ్మే. తరువాత 18 మీటర్లు, 30, 50. వణుకు లేకుండా సాధన మొత్తం పూర్తవుతున్నప్పుడు మాత్రమే లింబ్స్‌లో 2 పౌండ్లు పెంచి, దానికి తగ్గ స్పైన్ చూసుకుని, క్లిక్కర్ స్థానాన్ని మళ్లీ సరిచేసుకోవాలి. పాత 36 పౌండ్ల లింబ్స్‌ను అప్పటిదాకా నారి విప్పి, బల్లపరుపుగా, ఎండా తేమా తగలని చోట ఉంచితే సరిపోతుంది.